చలి వేకువలో చిన్న ట్రాక్టరు: వేడెక్కనివ్వవలసిన తీరు

చెన్నై నగరంలో చలికాలం అన్న మాటను కొంత చిరునవ్వుతోనే వాడుకోవాలి. ధనుర్మాసపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగితే చాలు, కోతిటోపీలూ శాలువలూ బీరువాల నుండి బయటికి వస్తాయి. ఈ నగరపు వాతావరణ చరిత్రలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, అదీ 1905 జనవరి నాటి సంగతి. అందువల్ల ఇక్కడ ట్రాక్టరు నడిపేవారికి చలి ఒక సమస్యగా తోచదు. రెడ్‌హిల్స్, పొన్నేరి, తిరువళ్ళూరు వైపు ఇటుకా ఇసుకా నీళ్ళూ మోసే బండ్లు తాళంచెవి తిప్పిన మరుక్షణం పలుకుతాయి. పలికిన మరుక్షణం గేరులో పడి కదులుతాయి. ఏళ్ళ తరబడి అలా నడిపిన చేతికి అదే పద్ధతి అలవాటవుతుంది.

ఆ అలవాటుతో సంక్రాంతికి ఊరు చేరేవారిని ఉద్దేశించినదే ఈ పాఠం. శ్రీకాకుళం, విజయనగరం మైదానాలకు వెళ్ళేవారికి పెద్ద తేడా తెలియకపోవచ్చు. కానీ మన్యం ఎక్కినవారి సంగతి వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది; డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి ఉష్ణోగ్రత కొన్ని వేకువల్లో సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అన్న మరో పేరు కూడా ఉన్నది. ఆరుబయట నిలిచినవాడు కర్రలా బిగుసుకుపోతాడని దాని భావం. తెలంగాణలో ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాల్లో 5 డిగ్రీలకు అటూ ఇటూగా పాదరసం దిగడం ప్రతి ఏటా వింటున్నదే. తమిళనాడులోనే నీలగిరి కొండల మీద పచ్చిక పైన మంచు పేరుకొనే వేకువలు ఉన్నాయి. ఇటువంటి చోట చిన్న ట్రాక్టరును చెన్నై పద్ధతిలో కదిలిస్తే యంత్రానికి చేటు. మొరాయించినప్పుడు తొందరపడితే మనిషికే చేటు.

ఈ నగరానికీ ట్రాక్టరుకూ ఉన్న బంధుత్వం చాలామందికి తెలియదు. 1840లో గుర్రపుబండ్ల నిర్మాణంతో పుట్టిన సింప్సన్ సంస్థ కాలక్రమాన పెరంబూరును ఆనుకొని ఉన్న సెంబియంలో డీజిల్ ఇంజిన్ల తయారీకి పేరుపొందింది. అదే సమూహానికి చెందిన టాఫే సంస్థ 1960లో మద్రాసులో ఆరంభమై మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన పొలాలకు అందించింది. పెరంబూరు, వ్యాసర్పాడి ప్రాంతాలు తెలుగువారి పాత నివాసాలు కావడం ఇక్కడ గమనించదగినది. ఇక చిన్న ట్రాక్టరు అంటే 30 అశ్వశక్తికి లోబడినది. పండ్లతోటల వరుసల నడుమ, కొండవాలు మడుల్లో, పెద్ద బండి తిరగలేని చోట అది తిరుగుతుంది. దాని ఇంజిను చిన్నది, బ్యాటరీ చిన్నది. చలి దెబ్బ త్వరగా తగలడానికి ఈ చిన్నతనమే కారణం.

డీజిల్ ఇంజినులో నిప్పురవ్వ ఉండదు. పెట్రోలు ఇంజినులో స్పార్కు ప్లగ్ చేసే పనిని ఇక్కడ గాలి చేస్తుంది. సిలిండరులోనికి పీల్చుకొన్న గాలిని పిస్టన్ తన పరిమాణంలో 16వ వంతు మొదలుకొని 22వ వంతు వరకు కుదించివేస్తుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు దాని అడుగుభాగం వెచ్చబడడం మనందరికీ అనుభవమే. ఆ సూత్రమే ఇక్కడ తీవ్రరూపంలో పనిచేస్తుంది. కాగిన ఆ గాలిలోనికి డీజిల్ సన్నని తుంపరగా చిమ్మితే అది తనంతట తానే అంటుకొంటుంది. అంటుకోవడానికి సుమారు 210 డిగ్రీల వేడి కావాలి. నడుస్తున్న ఇంజినులో కుదించిన గాలి 500 డిగ్రీలను దాటుతుంది గనుక చిక్కు లేదు. చిక్కంతా మొదటి కొద్ది సెకన్లదే. ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గాలి కొంత రింగుల సందుల్లో జారిపోతుంది. దాని వేడిని చల్లని ఇనుము లాగివేస్తుంది. పైగా బయటి గాలి ఒక డిగ్రీ చల్లబడితే కుదించిన గాలి దాదాపు రెండు డిగ్రీలు చల్లబడుతుంది. చెన్నైలో 21 డిగ్రీల వేకువకూ మన్యంలో 3 డిగ్రీల వేకువకూ నడుమ బయట తేడా 18 డిగ్రీలే; సిలిండరు లోపల అది 30 డిగ్రీలకు పైమాట. అంటుకోవడానికి అవసరమైన హద్దు మీద ఊగిసలాడే ఇంజినుకు ఆ తేడా చాలు.

దీనికి తోడు మరో రెండు శత్రువులు అదే వేళ కలిసివస్తాయి. సున్నా డిగ్రీల వద్ద సీసపు బ్యాటరీ సామర్థ్యం సుమారు ఐదో వంతు తగ్గుతుంది. ఆయిలు చిక్కబడి ఇంజిను తిరగడానికి ఎక్కువ బలం కోరుతుంది. అంటే, ఎక్కువ బలం కావలసినప్పుడే బ్యాటరీ తక్కువ ఇస్తుందన్నమాట. సైలెన్సరు నుండి తెల్లని పొగ వస్తూ ఇంజిను అంటుకోకపోతే డీజిల్ లోనికి చేరుతున్నది, కాలడం లేదని గ్రహించాలి. ఇది రోగం కాదు, వేడి చాలలేదన్న సూచన. నల్లపొగ అయితే డీజిల్ మోతాదు మించినదని, నీలిపొగ అయితే ఆయిలు కాలుతున్నదని అర్థం.

చెన్నైలో తప్పు అనిపించని కొన్ని పనులు కొండ మీద తప్పులవుతాయి. వీటిలో మొదటిది థర్మోస్టాట్‌ను పీకివేయడం. ఎండలు మండే ప్రాంతాల్లో ఇంజిను కాగిపోతున్నదన్న భయంతో కొందరు మెకానిక్కులు ఈ చిన్న వాల్వును తీసి పక్కన పడవేస్తారు. ఇంజిను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వకుండా ఆపడమే దాని పని. అది లేని ఇంజిను 3 డిగ్రీల చలిలో గంటసేపు నడిచినా సరైన వేడికి రాకపోవచ్చు. ఊరికి పంపదలచి పాత ట్రాక్టరును ఇక్కడ కొనేవారు ఈ వాల్వు ఉన్నదో లేదో మెకానిక్కును అడిగి తెలుసుకోవడం మంచిది. పాత బండ్లలో చాలామంది చూడని భాగం ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండవది రేడియేటరులో మంచినీళ్ళు పోసి ఊరుకోవడం. నీరు గడ్డకట్టితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రేడియేటరు గొట్టాలు పగలవచ్చు, ఇంజిను దిమ్మె కూడా చిట్లవచ్చు. తయారీదారు సూచించిన పాళ్ళలో కూలెంట్ కలిపి ఉంచితే ఈ ప్రమాదం ఉండదు. ఆయిలు డబ్బా మీది అంకెలను కూడా చదవాలి. 15డబ్ల్యూ-40 అన్నప్పుడు ఆ డబ్ల్యూ అక్షరం శీతకాలానికి గుర్తు. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిలు అంత పలుచగా ఉంటుంది. వట్టి 40 అని మాత్రమే రాసి ఉన్న ఆయిలు ఎండకాలానికి సరే గాని కొండచలికి తగదు.

డీజిల్ విషయంలో తెలియని సంగతి ఒకటి ఉన్నది. డీజిల్‌లో మైనం అంశ ఉంటుంది; చలికి అది గడ్డలుగా మారి ఫిల్టరును మూసివేస్తుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1460 ఇందుకు రెండు హద్దులను నిర్ణయించింది: వేసవి డీజిల్ 18 డిగ్రీల వరకు, శీతకాలపు డీజిల్ 6 డిగ్రీల వరకు ఫిల్టరు గుండా పారాలి. కనుక ఏప్రిల్‌లో డబ్బాకు పట్టి నిలవ ఉంచిన డీజిల్‌ను జనవరిలో మన్యంలో పోయడం కోరి తెచ్చుకొనే కష్టం. ఆ నెలలో బంకు నుండి తెచ్చిన తాజా డీజిల్‌నే వాడాలి. అయినా 2, 3 డిగ్రీల వేకువలో అనుమానం తప్పదు గనుక బండిని కప్పు కింద నిలిపి, ముందరి భాగం మీద టార్పాలిన్ కప్పడం మేలు. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి ఉంచితే లోపలి ఖాళీలో రాత్రి తేమ నీరుగా మారే అవకాశం తగ్గుతుంది. ఫిల్టరు మూసుకుపోయినట్లు తోస్తే వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను దాని చుట్టూ కప్పి కొంతసేపు ఆగాలి.

ఇక ఆ వేకువనే ఊహించుకొందాం. పొగమంచు ఇంకా కళ్ళం మీదనే ఉన్నది. బండి పలకడం లేదు. చుట్టూ నలుగురు చేరారు. మేనమామ, “ఏం అల్లుడూ, చెన్నపట్నంలో ఇన్నేళ్ళు బండి నడిపావు గదా, దీన్ని లేపలేవా?” అంటాడు. పట్నం నుండి వచ్చినవాడికి ఆ మాట గుచ్చుకొంటుంది. జరిగే పొరపాట్లలో పెక్కు ఈ పరువు కోసం జరిగేవే. అల్లుడు ఇవ్వవలసిన సమాధానం “ఐదు నిమిషాలు ఆగండి మావయ్యా” అన్నది మాత్రమే.

సీటులో కూర్చొనే ప్రారంభించాలి. చేతిబ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పి.టి.ఓ. మీటను విడదీసి, హైడ్రాలిక్ మీటను దించి, క్లచ్ పెడలును పూర్తిగా తొక్కి పట్టాలి. క్లచ్ తొక్కడం అలంకారానికి కాదు. గేరుపెట్టెలోని చిక్కబడిన ఆయిలును కూడా తిప్పవలసిన భారం దానివల్ల స్టార్టరుకు తప్పుతుంది. హీటరు ప్లగ్ ఉన్న ఇంజిను అయితే, తాళంచెవిని ఆ స్థానానికి తిప్పి దీపం ఆరేదాకా ఆగాలి. దీపం లేని పాత బండిలో చేతిపుస్తకం చెప్పినన్ని సెకన్లు లెక్కపెట్టాలి; సాధారణంగా 5 నుండి 20 సెకన్ల లోపు సరిపోతుంది. అన్ని ట్రాక్టర్లకూ హీటరు ప్లగ్ ఉండదు. మన దేశపు బండ్లలో పెక్కింటికి డీజిల్ నేరుగా సిలిండరులోనికే చిమ్ముతుంది గనుక అవి మామూలు చలిలో దానితో పనిలేకుండానే అంటుకొంటాయి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక దఫాకు 10 సెకన్లకు మించరాదు. పలకకపోతే కనీసం అర నిమిషం, వీలైతే నిమిషం విరామం ఇచ్చి మళ్ళీ ప్రయత్నించాలి. ఆ విరామంలో బ్యాటరీ కొంత తేరుకొంటుంది, స్టార్టరు చుట్ట చల్లబడుతుంది. ఎడతెగకుండా తాళంచెవిని పట్టుకొని ఉండేవారు తరచూ రెండింటినీ పోగొట్టుకొంటారు.

ఇంజిను పలికింది. ముందుగా చూడవలసినది ఆయిలు ఒత్తిడి దీపం. అది కొద్ది సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపివేయాలి. రాత్రంతా ఆయిలు కిందికి జారి చేరి ఉంటుంది. పైభాగంలోని బేరింగులకూ కవాటాలకూ అది తిరిగి అందేదాకా ఇనుము ఇనుముతో రాచుకొంటున్నట్లే లెక్క. ఆ క్షణాన యాక్సిలరేటరును తొక్కి గట్టిగా రేజ్ చేయడం అన్నింటికంటే చెడ్డ అలవాటు. మరొక కారణం కూడా ఉన్నది. అల్యూమినియం పిస్టన్ పోత ఇనుప సిలిండరు కంటే త్వరగా, ఎక్కువగా వ్యాకోచిస్తుంది. చల్లని ఇంజినుపై ఒక్కసారిగా భారం మోపితే పిస్టన్ ఉబ్బుతుంది, సిలిండరు ఇంకా చల్లగానే ఉంటుంది. రెండూ ఒరసుకొని గీతలు పడతాయి. ఆ గీతలకు మరమ్మతు ఖర్చు రైతుకు ఒక పంట ఆదాయంలో గణనీయమైన భాగం.

అలాగని అత్యల్ప వేగంలో అరగంట వదిలివేసి టీ తాగి రావడం కూడా సరికాదు. ఈ పొరపాటును అనుభవజ్ఞులు కూడా చేస్తారు. అతి నెమ్మదిగా, భారం లేకుండా తిరిగే డీజిల్ ఇంజిను తగినంత వేడిని పుట్టించదు. సగం కాలిన డీజిల్ మసిగా పేరుకొంటుంది. కాలనిది రింగుల సందుల గుండా జారి ఆయిలులో కలిసి దానిని పలుచన చేస్తుంది. సరైన పద్ధతి ఇది: మొదటి అర నిమిషం నెమ్మదిగా తిరగనిచ్చి, తరువాత వేగాన్ని కొంచెం పెంచి 1200, 1500 చుట్ల నడుమ నిలపాలి. 10 డిగ్రీలకు దిగువన కనీసం 5 నిమిషాలు, సున్నా దరిదాపుల్లో 8 నుండి 10 నిమిషాలు అలా ఉంచాలి. ఆ పైన కదిలించాలి గాని, తొలి కొద్ది నిమిషాలు చిన్న గేరులో, ఖాళీగానో తేలిక భారంతోనో నడపాలి. ఇంజినును అసలు వేడెక్కించేది ఈ తేలిక పనే. ఉష్ణోగ్రత ముల్లు కదిలి ఆకుపచ్చ గీతలోకి వచ్చాక నాగలి దించవచ్చు, రోటవేటరు తిప్పవచ్చు.

ఇంజిను వేడెక్కినంత మాత్రాన బండి అంతా వేడెక్కినట్లు కాదు. చాలా ట్రాక్టర్లలో గేరుపెట్టెలోని ఆయిలే హైడ్రాలిక్ లిఫ్టుకు కూడా ఆధారం. అది పదుల లీటర్లలో ఉంటుంది. దాని కింద మంట లేదు, పక్కన నీటి ప్రసరణ లేదు. ఇంజిను సిద్ధమైన తరువాత కూడా అది చాలాసేపు తేనెలా చిక్కగానే ఉంటుంది. అప్పుడు లిఫ్టు ఆలస్యంగా లేస్తుంది, పంపు సన్నగా ఏడుస్తున్నట్లు కూత పెడుతుంది. ఆ కూతకు అర్థం పంపుకు చాలినంత ఆయిలు అందడం లేదని. వెంటనే వేగం తగ్గించి, బరువు లేకుండా లిఫ్టును నాలుగైదు సార్లు మెల్లగా ఎత్తి దించితే ఆయిలు ప్రసరించి కొంత పలుచబడుతుంది. పవర్ స్టీరింగు ఉన్న బండి అయితే చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పాలి; చివరిదాకా తిప్పి బిగపట్టరాదు.

ఇప్పుడు ప్రాణాల సంగతి. చలి అని తలుపులు మూసిన షెడ్డులోనో, పశువుల సాలలోనో ఇంజినును వేడెక్కించరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు కమ్ముతుండగానే మనిషి కాళ్ళలో బలం పోతుంది. ఎవరైనా అలా పడిపోతే ముందుగా తలుపులు తెరిచి, వారిని ఆరుబయటికి చేర్చి, 108కి ఫోన్ చేయాలి. ఈ సంఖ్య తమిళనాడులోనూ ఆంధ్ర, తెలంగాణల్లోనూ ఒకటే.

తాళంచెవి పనిచేయనప్పుడు నేల మీద నిలబడి స్క్రూడ్రైవరుతో స్టార్టరు కొనలను కలిపి లేపడం మెకానిక్కు షెడ్లలో చూసి నేర్చుకొనే విద్య. బండి గేరులో ఉన్న సంగతి మరచిపోతే, పలికిన క్షణంలోనే అది ముందుకు దూకుతుంది. అలా లేపేవాడు నిలబడేది సరిగ్గా వెనుక చక్రానికి ముందు. క్లచ్ తొక్కితే గాని స్టార్టరు పనిచేయకుండా తయారీదారు అమర్చిన రక్షణ ఈ ఉపాయంతో నిష్ఫలమవుతుంది. ఆయిలు పళ్ళెం కింద గోనెసంచులు కాల్చి వేడిచేయడం, గాలి పీల్చే గొట్టం వద్ద పెట్రోలులో తడిపిన గుడ్డ పట్టడం కూడా కొన్ని ఊళ్ళలో కనబడతాయి. మొదటిదానిలో డీజిల్ చెమ్మ అంటుకొని బండి మొత్తం కాలిపోవచ్చు. రెండవది హీటరు ప్లగ్ ఉన్న ఇంజినులో చేస్తే లోపలే పేలుడు జరిగి పిస్టన్ పగలవచ్చు. బండిని వాలులో నిలిపి, తెల్లవారి దొర్లించి లేపడం కొండ ఊళ్ళలో వాడుక. ఇంజిను పలకకపోతే పవర్ స్టీరింగు బిగుసుకుపోయి, మలుపులో బండి అదుపు తప్పుతుందని తెలిసి కూడా చేస్తారు. బలహీనమైన బ్యాటరీని పండుగకు ముందే మార్చుకొంటే ఈ అవసరమే రాదు.

శాలువ గురించి విడిగా చెప్పాలి. చలికి దుప్పటో మఫ్లరో మెడకు చుట్టుకొని బండి వెనుక నిలబడి లిఫ్టును పరీక్షించడం సహజంగా జరిగే పని. పి.టి.ఓ. ఇరుసు నిర్ణీత వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు. వేలాడే కొంగు దానికి చిక్కిందని మనిషి గ్రహించే లోపే మెడ దగ్గరికి లాగబడి ఉంటుంది. అందువల్ల వేడెక్కించే వేళ పి.టి.ఓ. విడదీసే ఉండాలి, ఇరుసు మీది కప్పు ఊడిపోయి ఉండరాదు. చలికి స్వెట్టరు తొడుక్కోవాలి. దుప్పటి ఇంటిదగ్గరే ఉంచాలి. చూడవచ్చిన పిల్లలను బండికి దూరంగా నిలపవలసిన బాధ్యత కూడా సీటులో ఉన్నవారిదే.

పండుగ ముగించి చెన్నైకి తిరిగి వచ్చినవారు ఈ 10 నిమిషాల నియమాన్ని ఇక్కడికి మోసుకురానవసరం లేదు. 20 డిగ్రీల వేకువలో ఆయిలు దీపం ఆరాక నిమిషం, రెండు నిమిషాలు చాలు. తరువాత చిన్న గేరులో కదిలి, మొదటి కిలోమీటరు నెమ్మదిగా పోవాలి. ఇరుకు వీధిలో ఇళ్ళ కిటికీల ముందు నీళ్ళ ట్రాక్టరును అరగంట ఊరికే ఆడించడం వల్ల ఇంజినుకు లాభమేమీ లేదు. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో నిర్ధారించింది. ఆ పొగ తిన్నగా చేరేది కిటికీ పక్కన నిద్రిస్తున్నవారి వద్దకే.